రెయిన్‌హిల్ దారిలో పాత బండ్లు, కొత్త బండ్లు

1980 మే నెల 24, 25, 26 తేదీలలో, ఇంగ్లండు దేశమున లివర్‌పూల్ నగరమునకు తూర్పుదిక్కున నున్న రెయిన్‌హిల్ అను చిన్న ఊరిలో, రైలుమార్గము ప్రక్కన కట్టిన మెట్ల వేదికలపై వేలకొలది జనులు కూర్చుండి, తమ కన్నులయెదుట 150 సంవత్సరముల రైలు చరిత్ర ఇనుప చక్రములపై నడచిపోవుచుండగా చూచిరి. 1829లో అదే స్థలమున జరిగిన ఇంజనుల పందెమును స్మరించుకొనుటకై ఏర్పాటైన ఆ ఉత్సవమునకు ‘రాకెట్ 150’ అని పేరు. పందెమున పాల్గొన్న ఇంజనుల పోలికతో క్రొత్తగా చేయించిన ప్రతిరూపములును, 1838లో పుట్టిన ‘లయన్’ అను వృద్ధ యంత్రమును, ఇరువదవ శతాబ్దపు మహాకాయములైన ఆవిరి ఇంజనులును, వాని వెనుక డీజిలు, విద్యుత్తు బండ్లును వరుసగా సాగెను. రెయిన్‌హిల్ స్టేషను చెంత రైలుదారిని ఏటవాలుగా దాటు రాతివంతెన యొకటి కలదు. అది ఆ మార్గముతోపాటే పుట్టినది. నేటికిని దానిపై రాజమార్గము సాగుచునే యున్నది.

ఇట్టి ఉత్సవములకు వచ్చు రైలు అభిమానుల మాటలను దగ్గరగా నిలిచి వినదగును. మెడలో కెమెరాయు, చేతిలో నోటుపుస్తకమును ధరించి, ఇంజను సంఖ్య కనబడినంతనే అది ఏ యేట ఏ కర్మాగారమున పుట్టినదో చెప్పగల ఈ జనులు చేయు తర్కమును ఉబుసుపోక ముచ్చటయని త్రోసివేయువారు చాలమంది కలరు గాని, నా అభిప్రాయమున పాఠశాలలలో ఉష్ణశాస్త్రమును, గతిశాస్త్రమును బోధించు తీరుకన్న వీరి జగడములలోనే ఆ శాస్త్రములకు ఎక్కువ ప్రాణము కలదు. రెయిన్‌హిల్ ప్రసక్తి వచ్చినపుడెల్ల వారిలో రెండు పక్షములు లేచును. ఆ పందెమున ఓడిన ‘నావెల్టీ’ అను ఇంజను పక్షమున ఒక పడుచువాడు ఇట్లనును:

“గొట్టం పగలకపోతే నావెల్టీయే గెలిచేదండీ. మొదటిరోజునే గంటకి 28 మైళ్లు పరుగెత్తింది. ఇంకేం కావాలి?”

ప్రక్కనున్న వృద్ధుడు చుట్ట తీసి, “పరుగెత్తింది, నిజమే. ఎంతసేపు పరుగెత్తింది బాబూ?” అని అడుగును.

ఈ ‘ఎంతసేపు’ అను ప్రశ్నయే ఈ అధ్యాయమునకు విషయము.

లివర్‌పూల్, మాంచెస్టరు నగరములనడుమ సుమారు 31 మైళ్ల రైలుమార్గము నిర్మాణమగుచున్న కాలమున, దానిపై బండ్లను దేనితో లాగింపవలెనను విషయము చివరివరకును తేలలేదు. ప్రధాన నిర్మాతయగు జార్జి స్టీఫెన్‌సన్ కదలు ఇంజనులనే నమ్మియుండెను. కాని కంపెనీవారు సలహా కోరిన జేమ్సు వాకరు, జాన్ రాస్ట్రిక్ అను ఇంజనీర్లు, దారిపొడుగున అక్కడక్కడ స్థిరయంత్రములను నిలిపి, వానిచే మోకులతో బండ్లను లాగించుట మేలని నివేదించిరి. నేడు మనకీ ఆలోచన విడ్డూరముగా తోచును గాని, ఆనాటి కదలు ఇంజనులు బొగ్గుగనులలో నత్తనడక నడచునవి. నూరు అడుగుల దూరమునకు ఒక అడుగునకు పైగా లేచు మెరకలు రెయిన్‌హిల్ చదునునకు ఇరువైపులను ఉన్నవి. వానిని ఎక్కుట ఇంజనులకు సాధ్యమా యను సందేహము ఏమాత్రము అసంగతము కాదు. సందేహనివృత్తికై కంపెనీవారు 500 పౌనుల బహుమానమును ప్రకటించిరి. ఆ మెరకల నడుమనున్న చదునునే పందెపు నేలగా నిర్ణయించిరి.

ఆ పందెపు నియమములను చదివినపుడు, వానిని వ్రాసినవారికి యంత్రముల తత్త్వము ఎంత బాగుగా తెలియునో అర్థమగును. ఇంజను బరువు 6 టన్నులను మించరాదు. నాలుగు చక్రములదైనచో నాలుగున్నర టన్నులకు మించరాదు. ఆవిరి ఒత్తిడి చదరపు అంగుళమునకు 50 పౌనులకు లోబడవలెను. తన పొగను తానే కాల్చుకొనవలెను. వెల 550 పౌనులకు లోపుగా నుండవలెను. తన బరువునకు మూడింతల బరువును గంటకు 10 మైళ్లకు తగ్గని వేగమున లాగవలెను. అన్నింటికంటె ముఖ్యమైనది వేరొకటి కలదు: సుమారు 1¾ మైళ్ల నిడివిగల దారిలో పదిమారులు పోయి, పదిమారులు తిరిగిరావలెను, అది 35 మైళ్లగును, అనగా దాదాపు లివర్‌పూలునుండి మాంచెస్టరునకు పోయినంత. పిమ్మట నీరును, కోకుబొగ్గును నింపుకొని మరల అంత దూరమును నడువవలెను. ఒక్క పరుగులో మెరసిపోవు యంత్రమునకు కాక, దినమంతయు పని చేయగల యంత్రమునకే బహుమానము దక్కునట్లు ఆ నియమములు కూర్పబడినవి.

1829 అక్టోబరు 6వ తేదీన పందెము మొదలైనపుడు పదివేలమందికి పైగా జనులు గుమిగూడిరి. బరిలో నిలిచిన వానిలో ‘సైక్లోపెడ్’ అనునది ఆవిరియంత్రమే కాదు. కదలు పలకలపై గుఱ్ఱమును నడిపించి, ఆ నడకతో చక్రములను త్రిప్పు బండి. ‘పెర్సివరెన్స్’ అనునది గంటకు 6 మైళ్లు మాత్రమే పోగలిగి 25 పౌనుల ఊరటతో వెడలిపోయెను. మిగిలినవి మూడు: టిమొతీ హాక్‌వర్త్ నిర్మించిన ‘సాన్ పరేల్’, లండనునుండి బ్రెయిత్‌వెయిట్, ఎరిక్‌సన్ అనువారు తెచ్చిన ‘నావెల్టీ’, జార్జి కుమారుడగు రాబర్టు స్టీఫెన్‌సన్ కర్మాగారమున తయారైన ‘రాకెట్’. ఈ ఎరిక్‌సన్ స్వీడను దేశస్థుడు. తరువాతి కాలమున అమెరికా అంతర్యుద్ధమున ‘మానిటర్’ అను ఇనుప యుద్ధనౌకను రూపొందించినవాడు ఇతడే. నావెల్టీ మూడు టన్నుల తేలిక బండి, చూపునకు సొగసైనది, కొన్ని వారములలోనే నిర్మింపబడినది. తొలిదినమున అది జనులనందరిని ముగ్ధులను చేసి 28 మైళ్ల వేగమున దూసికొనిపోయెను. ఆ సాయంకాలము పందెము ఎవరిదని అడిగినచో నూటికి తొంబదిమంది నావెల్టీ పేరే చెప్పియుందురు.

కాని వారు మరచిన సంగతి యొకటి కలదు: ఆవిరి ఇంజను వేగమునకు హద్దు సిలిండరులో లేదు; బాయిలరులో కలదు. నిలువయున్న ఆవిరిని ఒక్కమారుగా వదలినచో ఏ యంత్రమైనను కొంతదూరము ఉరుకగలదు; కాని ఖర్చగుచున్న ఆవిరిని నిమిషనిమిషమునకు తిరిగి పుట్టించుకొనలేనిది మైలు రెండు మైళ్లు పోవునప్పటికి నీరసించును. ఆవిరి త్వరగా పుట్టవలెనన్నచో నిప్పులోని వేడి నీటిలోనికి త్వరగా ప్రవేశింపవలెను. ఆ ప్రవేశమునకు నిప్పుసెగ తగులు లోహతలము విశాలముగా నుండవలెను. తడిచీరను ముద్దగా పడవేసినచో పూటంతయు ఆరదు, దండెముపై విప్పి ఆరవేసినచో గడియలో ఆరును. చీరయు నదే, తడియు నదే, మారినది గాలి తగులు వైశాల్యమొక్కటే. వేడి విషయమునను ఇంతే.

అంతకుముందటి ఇంజనులలో బాయిలరు నడుమ ఒకే పెద్ద గొట్టము ఉండెడిది. దానిగుండా నిప్పుసెగ పోయెడిది. రాకెట్‌లో దానికి బదులుగా ఒక్కొక్కటి 3 అంగుళముల వ్యాసముగల రాగిగొట్టములను 25 అమర్చిరి. ఈ మార్పు ఎంతటిదో లెక్కవేసి చూతము. 15 అంగుళముల వ్యాసమును, 6 అడుగుల పొడవును గల గొట్టమునకు చుట్టును గల వైశాల్యము సుమారు 23½ చదరపు అడుగులు. ఆ రంధ్రమునే 25 సమభాగములుగా పంచినచో ఒక్కొక్క భాగము సరిగా 3 అంగుళముల గొట్టమగును. సెగ పోవుటకు గల మొత్తము తావు వెంట్రుకవాసియైనను మారదు. కాని వాని చుట్టుకొలతలన్నింటిని కూడినచో వైశాల్యము సుమారు 118 చదరపు అడుగులగును, అనగా అయిదింతలు! బాయిలరు పెరుగలేదు, బరువు పెద్దగా పెరుగలేదు, నిప్పు పెరుగలేదు. లెక్కలో మాత్రమే గలదనిపించు ఈ చిన్న విభజన వలన వేడి ప్రవేశించు ద్వారము అయిదింతలైనది. ఈ సూచన చేసినది యంత్రనిర్మాత కాదు, రైల్వే కంపెనీ కార్యదర్శియగు హెన్రీ బూత్. ఫ్రాన్సు దేశమున మార్క్ సెగ్విన్ అనునాతడు స్వతంత్రముగా ఇదే మార్గమున నడచుచుండెను. గొట్టముల కొనలను బాయిలరు పలకలలో నీరు కారకుండ బిగించుట అన్నింటికన్న కష్టమైన పని. దానిని సాధించిన పనివాండ్ర పేర్లు చరిత్రలో ఎక్కువగా నిలువలేదు గాని ఆ బిగింపే లేకున్నచో బూత్ ఊహ కాగితముపైననే ఉండిపోయెడిది.

సన్నని గొట్టములతో ఒక చిక్కు కలదు. సెగ వానిలో సులభముగా ప్రవహింపదు. బలమైన గాలి లాగుడు కావలెను. సిలిండరులో పని ముగించుకొని వెలువడు ఆవిరిని పొగగొట్టములోనికి పైముఖముగా చిమ్మించినచో, ఆ ధార తనతోపాటు పొగను లాగికొనిపోవును. ఏర్పడిన శూన్యమును పూరించుటకు క్రొత్తగాలి నిప్పులోనికి దూసికొనివచ్చును. ఇందలి సొగసేమనగా, ఇంజను ఎంత కష్టపడిన అంత ఆవిరి చిమ్మును, ఎంత చిమ్మిన నిప్పు అంత రగులును, ఎంత రగిలిన అంత ఆవిరి పుట్టును. పని పెరిగినకొలది శక్తి తనంత తానే పెరుగును, ఏ మనుష్యుడును చేయి పెట్టి సరిచూడనక్కరలేదు. బెజవాడ, కాజీపేట షెడ్ల చేరువ పెరిగిన మన పెద్దల చెవులలో నేటికిని మ్రోగుచున్న ఆ ‘ఛుక్ ఛుక్’ ధ్వని ఈ చిమ్ముడు ధ్వనియే. పిల్లలు ఒకరి చొక్కా నొకరు పట్టుకొని ఆడు రైలాటలో నోటితో చేయు చప్పుడునకు పుట్టుక ఇక్కడనే.

ఏ గుణమునకైనను మితము కావలెననుటకు సాన్ పరేల్ సాక్షి. దానిలోని చిమ్ముడు ఎంత తీవ్రమైనదనగా, మండుచున్న కోకు ముక్కలు పొగగొట్టముగుండా ఆకాశమునకు ఎగిరిపోయెను. బొగ్గు కాలుటకు మునుపే ఖర్చయ్యెను. అది నిర్ణీతమైన బరువును మించియుండెను, పందెము నడుమ నీటిపంపు చెడెను, సిలిండరు పగిలెను. ఆ సిలిండరులు పోతపోయబడినది ప్రత్యర్థియగు స్టీఫెన్‌సన్ కర్మాగారముననే కావున, అభిమానుల సంభాషణలలో ఈ ఘట్టము వచ్చినపుడు కంఠములు కొంత హెచ్చును. కుట్ర జరిగినదనుటకు ఆధారము లేదు. ఆనాటి పోతపనిలో గోడమందము అంతట సమముగా రాకపోవుట సామాన్యము. నావెల్టీకి పొగగొట్టపు చిమ్ముడు లేదు. దానికి బదులుగా కొలిమితిత్తి యొకటి నిప్పులోనికి గాలిని త్రోయుచుండెను. ఆ సెగ మెలికలు తిరిగిన ఒకే పొడవైన సన్నని గొట్టముగుండా పోవలెను. మొదట నీటిగొట్టము పగిలెను, బాగుచేసిరి. పిదప బాయిలరు అతుకు విడెను. నిర్మాతలు తామే విరమించుకొనిరి. రాకెట్ మాత్రము సుమారు 13 టన్నుల బరువును లాగుచు మొత్తము 70 మైళ్లను సగటున గంటకు 12 మైళ్ల వేగమున ముగించి, చివరకు 30 మైళ్లకు చేరువైన పరుగునుగూడ చూపెను. న్యాయనిర్ణేతలలో ఒకడు, స్థిరయంత్రములే మేలని నివేదించిన ఆ రాస్ట్రిక్ మహాశయుడే.

అంతటితో వాదము చల్లారలేదు. “గొట్టం మంచిదైతే?”, “సిలిండరు పగలకుంటే?” అను ప్రశ్నలకు కాలమే జవాబు చెప్పలేదు గదా యని ఊరకుండక, 2002లో బీబీసీ టెలివిజనువారు మూడు ఇంజనుల ప్రతిరూపములను వేల్సు దేశపు లాంగోలెన్ రైలుమార్గమునకు చేర్చి, పాత నియమములకు చేరువగా పందెమును మరల నడిపించిరి. రాకెట్ ప్రతిరూపమే గెలిచెను. ప్రతిరూపములలోని లోహము నేటి లోహము, రక్షణ నిబంధనలకై చేసిన మార్పులు కలవు, నడిపినవారి అనుభవము వేఱు. ఇవన్నియు లెక్కలోనికి తీసికొనవలసినవే. అయినను, పగిలిన గొట్టము, పగిలిన సిలిండరు అను ఆకస్మికములను తొలగించిన పిమ్మటకూడ ఫలితము మారకపోవుటచేత, గెలుపు అదృష్టముది కాదనియు, 118 చదరపు అడుగుల రాగిదనియు చెప్పుటకు బలము చేకూరినది.

ఇక్కడ సాన్ పరేల్‌కు న్యాయము చేయక ముందుకు పోలేను. ఓడిన ఆ యంత్రము బోల్టన్, లీ మార్గమున 1844 వరకు బండ్లను లాగి, ఆ తరువాత ఒక బొగ్గుగనిలో నీరు తోడుచు ఇంకను చాలకాలము సేవచేసెను. రాకెట్ మాత్రము సంవత్సరము తిరుగకుండగనే పాతదైపోయెను. దాని తమ్ముడగు ‘నార్తంబ్రియన్’ 1830లో మెరుగైన అమరికతో వచ్చెను. ఏటవాలుగా నిలిచియుండిన రాకెట్ సిలిండరులనుగూడ త్వరలోనే దాదాపు అడ్డముగా దించిరి. కావుననే బ్రిటన్ దేశపు ప్రదర్శనశాలలో నున్న అసలు రాకెట్‌ను చూచినవారు, పటములలోని పసుపుపచ్చని రాకెట్ ఇదేనా యని ఆశ్చర్యపడుదురు.

‘ఎంతసేపు’ అను ప్రశ్న ఆవిరియుగము పొడుగునను వెంటాడినది. 1938 జులై 3న ‘మల్లార్డ్’ అను ఇంజను స్టోక్ ఏటవాలున గంటకు 126 మైళ్లు పరుగెత్తి, ఆవిరి ఇంజనులలో నేటివరకును చెక్కుచెదరని రికార్డును స్థాపించెను. కాని ఆ పరుగులో దాని నడిమి సిలిండరు కడ్డీ బేరింగు కాగిపోగా, పీటర్‌బరోలో దానిని బండినుండి విప్పి వేరొక ఇంజనును కట్టవలసివచ్చెను.

మరల 1980కి వత్తము. ఊరేగింపులో కొత్తతరమునకు ప్రతినిధిగా వచ్చినది ‘అడ్వాన్స్‌డ్ ప్యాసింజర్ ట్రెయిన్’, ఏపీటీ. అంతకు అయిదు నెలల క్రితము, 1979 డిసెంబరులో, అది గంటకు 162 మైళ్ల వేగమును అందుకొని బ్రిటన్ దేశపు రికార్డును సాధించియుండెను. రెయిన్‌హిల్‌లో దానికి ఒక విచిత్రమైన స్థితి కలిగెను. అది పైతీగెలనుండి విద్యుత్తును గ్రహించి నడుచు బండి. ఆ దారికి ఆనాడు తీగెలు లేవు, 2015లో గాని రాలేదు. అందుచే 142 ఏండ్ల లయన్ తన ఆవిరితో తాను నడచిపోయిన దారిలో, దేశమునకెల్ల నవీనమైన ఆ బండి మరియొక ఇంజను సాయముతో కదలవలసివచ్చెను. ఈ దృశ్యమును చూచి నవ్వినవారికంటె ఆలోచించినవారే ఎక్కువ ధన్యులు. యంత్రముయొక్క బలము యంత్రములోనే ఉండదు, అది నడుచు దారిలోను సగము ఉండును.

ఏపీటీ పరిష్కరింపబూనిన చిక్కు దారికి సంబంధించినదే. లండనునుండి గ్లాస్గోకు పోవు పడమటి మార్గము కొండల నడుమ మలుపులతో నిండియున్నది. మలుపులో బండిలోనివారిని వెలుపలికి త్రోయు బలము వేగముతో కాక, వేగముయొక్క వర్గముతో పెరుగును. 100 మైళ్ల వేగమును 125కు పెంచినచో, వేగము పెరిగినది నాలుగవవంతే గాని ప్రక్కత్రోపు సగమునకు పైగా పెరుగును. పట్టాలలో వెలుపలిదానిని కొంత ఎత్తుగా వేసి ఆ త్రోపును తగ్గింతురు. కాని అదే పట్టాలపై నెమ్మదిగా పోవు సరకుబండ్లు కూడ నడువవలెను గావున ఎత్తునకు హద్దు కలదు. దారిని త్రవ్వి నేరుగా వేయుట అపారవ్యయము. ఇక మిగిలినది పెట్టెనే వంచుట. మలుపు వచ్చినపుడు పెట్టెను లోపలివైపునకు 9 డిగ్రీలవరకు వ్రాల్చు యంత్రములను ఏపీటీలో అమర్చిరి. లెక్క తప్పలేదు. 1981 డిసెంబరు 7న ప్రయాణికులతో గ్లాస్గోనుండి బయలుదేరి, 401 మైళ్ల దూరమును సుమారు నాలుగుంపావు గంటలలో ముగించి లండను చేరెను. అయినను పిమ్మటి దినముల మంచులో బ్రేకులు గడ్డకట్టెను, వ్రాల్చు యంత్రములు మొరాయించెను, పత్రికలు పరిహసించెను, కొలదిదినములలోనే దానిని సేవనుండి తొలగించిరి.

అభిమానులు దీనిని నావెల్టీతో పోల్చుదురు. ఆ పోలికలో నాకు సత్యము కనబడుచున్నది. ఏపీటీ ఆలస్యమగుచుండగా, అందాక సరిపెట్టుకొనుటకై అదే రైల్వేవారు తెలిసిన పద్ధతులతో ఒక డీజిలు బండిని, హెచ్.ఎస్.టి.ని, నిర్మించిరి. 1975 ఆగస్టు 31న షిల్డన్‌లో జరిగిన ఇట్టి ఊరేగింపును ముగించినది దాని నమూనాయే. 1976 అక్టోబరునుండి అది గంటకు 125 మైళ్ల వేగమున జనులను మోసికొనిపోయి, తాత్కాలికముగా పుట్టినదైయుండియు నలువది ఏండ్లకు పైగా ప్రధానమార్గములపై నిలిచెను.

అయితే, “ఏపీటీ వోడిపోయింది” అని ఎవరైన నన్నచో, ఆ చుట్ట తాగు వృద్ధుడే అడ్డుపడి, “వోడింది బండి బాబూ, లెక్క కాదు” అనును. ఆ బండిలో కొందరికి కడుపు త్రిప్పెను. కారణమును శోధింపగా తేలినది చిత్రమైన సంగతి. మలుపులోని ప్రక్కత్రోపును యంత్రము పూర్తిగా రద్దుచేయుచుండెను. కిటికీలో క్షితిజరేఖ వంగుచున్నట్లు కన్ను చూచుచున్నది. లోనిచెవిలోని సమతౌల్యేంద్రియమునకు ఏ త్రోపును తెలియుట లేదు. రెండు సాక్ష్యములు పొసగక మెదడు కలత చెందుచున్నది. ఇటలీలో ఫియట్ వారు 1970ల నుండి సాధనచేసిన వ్రాలు బండ్ల సంతతియగు పెండొలీనోలు 2004 నుండి అదే పడమటి మార్గమున గంటకు 125 మైళ్ల వేగమున నడుచుచు, మలుపులలో 8 డిగ్రీలవరకు వ్రాలుచున్నవి. అవి ప్రక్కత్రోపును పూర్తిగా తీసివేయవు, కొంత శేషింపనిచ్చును. ఆ శేషము వలన మలుపు వచ్చినదని చెవికి తెలియును. కన్ను చూచినదానితో అది ఏకీభవించును. కాఫీ త్రాగుచున్న ప్రయాణికుడు తలయెత్తి చూడడు.